పెన్సిల్‌తో గీసిన ఏడాది

జూన్ పన్నెండునే మొదలవ్వాలని
చదువుకి ఎవరు చెప్పారో.
ఇది ఆగస్టు. రాత్రి పదింపావు.
కూర్మన్నపాలెంలో, రెండో అంతస్తులో,
గ్యాస్ ఏజెన్సీ వాళ్ళిచ్చిన క్యాలెండర్‌ని వెనక్కి తిప్పి
అప్పడాల కర్రని స్కేలు చేసుకుని
ఏడాదిని గళ్ళుగా గీస్తున్నాను.
గీతలు వంకర పోతున్నాయి. పోనీ.

ముందు సన్యాసిరావు షిఫ్టులు రాసుకున్నాను,
ఎ, బి, సి, ఆ తర్వాత ఆఫ్.
ప్లాంటు సైరనుకి ఆదివారం తెలీదు.
మా ఇంటి ఆదివారం
ఒకసారి మంగళవారం వస్తుంది, ఒకసారి గురువారం.
సి షిఫ్టు దిగి ఆయన పడుకున్న పగళ్ళలో
ఎక్కాలు గుసగుసగా చదవాలి.
పన్నెండో ఎక్కం చివర మేఖలకి నవ్వాగదు,
తలగడలో మొహం దాచుకుని
నూట నలభై నాలుగు అంటుంది.

పోయినేడు బడికెళ్ళేది.
బస్సు ఆరూ నలభైకి.
‘మా కుటుంబం’ గురించి రాయమంటే
‘మా నాన్నగారు నిద్రపోవుదురు’ అని రాసుకొచ్చింది.
ఒక్కటే వాక్యం.
పదికి తొమ్మిదేశారు.
చివర చుక్క పెట్టలేదని ఒకటి కోశారు.
ఆ కోసిన మార్కు గురించి కాదు
నాకు నెల్లాళ్ళు నిద్ర పట్టంది.

ఆగస్టు, సెప్టెంబరు గళ్ళలో భిన్నాలు,
చెరిసగం చేసిన అట్టుతో మొదలు.
అక్టోబరు ఖాళీగా వదిలాను.
ఈ ఊళ్ళో అక్టోబరుని నమ్మడానికి లేదు.
హుద్‌హుద్ నాటికి ఇది నా కడుపులో ఉంది.
కిటికీ రెక్క పట్టుకుని నేను,
నన్ను పట్టుకుని మా అత్తగారు,
ఆ పగలంతా ఏదో పాఠం జరిగింది మాకు,
దాని పేరు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.
వస్తే కొవ్వొత్తి, గాలి ఒత్తిడి.
రాకపోతే అన్ని రోజులూ మిగులు.

మార్చిలో తాబేళ్ళు.
జోడుగుళ్ళపాలెం ఇసుకలో పిల్లలు పైకొచ్చే తెల్లవారుజాము
మా ఆఫ్ రోజు చూసుకుని రాదు కదా,
అందుకని గడికి రెండు వైపులా బాణాలు గీశాను,
ఎటైనా జరగొచ్చని.
నూట పది గుడ్లు, తొంభై మూడు పిల్లలు,
పక్కన ‘తీసివేత’ అని రాసుకున్నాను.
అది తీసివేత కాదని
అక్కడ నిలబడ్డాక దానికే తెలుస్తుంది.

ఏప్రిల్ సగం నుంచి వేట నిషేధం.
హార్బర్లో బోట్లు కట్టేసుంటాయి,
మా తాతారావు చిన్నాన్న చేతులు మాత్రం ఖాళీగా ఉండలేవు.
‘గుంటని అంపీ, వల కన్ను కొలవడం నాన్నేర్పుతాను.
ఆ పెన్సిలూ అదీ ఇంటికాడే వొగ్గీసి రమ్మను’ అన్నాడు.
రేఖాగణితం అని రాసి
ఆయన చూస్తే నవ్వుతాడని చెరిపేశాను.
మే మధ్యాహ్నాలు కొట్టేశాను. అవి ముంజెలకి.

సాయంత్రం కింద వాటా నూకరత్నం అడిగింది,
‘మరి సెలవులెప్పుడమ్మా?’
వెతికాను. ఆ మాట ఎక్కడా రాయలేదు.
ఎక్కడ రాయాలో తోచనూ లేదు.
పైగా నాకే భాగహారం సరిగ్గా రాదు,
శేషం దగ్గర చెయ్యి ఆగిపోతుంది.
రేపెవరైనా వచ్చి నిలదీస్తే ఏం చూపిస్తాను,
ఈ వంకర గళ్ళా?

పదకొండుకి బి షిఫ్టు దిగి వచ్చాడు.
బూట్లు విప్పకుండానే వంగి చూశాడు,
కనురెప్పల మీద ఇనప రజను.
‘అక్టోబర్లో ఏం లేదేంటి?’
‘అది తుఫానుది.’
‘రాకపోతే?’
చారు వేడి చేయడానికి లేచాను.
వెనకనుంచి, మెల్లగా, తప్పు చేసినవాడిలా,
‘వచ్చే నెల నుంచి షిఫ్టులు మారుతున్నాయే’ అన్నాడు.

లోపల మంచం మీద మేఖల
కళ్ళు మూసుకునే చెప్పింది,
రబ్బరు కంపాస్ బాక్సులో లేదట,
పప్పుల డబ్బా వెనకాల ఉందట.